మామయ్య లోపలి మెడ

మార్చి 3

ఇవాళ కొత్త మాట దొరికింది. హోస్టైల్ నెక్.

స్కాన్ రూమ్‌లో మాకు పని నేర్పే ఆయన్ని మేమంతా స్కేలు సార్ అంటాం. ఆయనే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం కొందరికి పొట్టలో బెలూన్‌లా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు పైన, కిడ్నీల నాళాలకు కింద, చెడకుండా మిగిలిన కాస్త భాగం పేరు మెడ. తొడ దగ్గర చిన్న గాటు పెట్టి నాళంలోకి పంపే స్టెంట్ అనే గొట్టం ఆ మెడనే పట్టుకుని నిలబడాలి. మెడ పొట్టిగానో వంకరగానో ఉంటే పట్టు చిక్కదు. సందులోంచి రక్తం మళ్ళీ ఉబ్బులోకి కారుతుంది. అలాంటి మెడను హోస్టైల్ అంటారట. మన ఒంట్లోనే ఉంటూ మన మీద పగబట్టిన మెడ! ఇంటికొచ్చేదాకా ఆ మాటను చప్పరిస్తూనే ఉన్నాను.

మార్చి 6

మామయ్యకు ఉబ్బు ఉంది.

నడుం నొప్పని వెళ్తే స్కాన్‌లో బయటపడింది. ఆరు సెంటీమీటర్లు. పగిలితే ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోతుంది. అమ్మ ఉద్యోగం వేరే ఊళ్ళో కాబట్టి చిన్నప్పటి నుంచీ నేను మామయ్య ఇంట్లోనే పెరిగాను. ముందు గదే ఆయన టైలరింగ్ షాపు. అత్తయ్య ఏడుస్తుంటే ఆయన వెళ్ళి మిషన్ ముందు కూర్చున్నాడు. ఎవరిదో ప్యాంటు రేపటికి ఇవ్వాలట.

మార్చి 10

పెద్ద డాక్టర్ స్టెంట్ చాలన్నాడు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తానన్నాడు. అత్తయ్య కళ్ళు తుడుచుకుంది.

నాకు రెండు నచ్చలేదు. ఒకటి, గది బయట నీలం బ్యాగు పట్టుకుని నిలబడ్డ స్టెంట్ కంపెనీ మనిషి. డాక్టర్ బయటికి రాగానే అతని భుజం మీద చెయ్యేశాడు. రెండోది మామయ్య. బొత్తాం రంగు గురించి అరగంట వాదించే మనిషి, పొట్టలో ఏం పెడతారని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

షాపులో మళ్ళీ పొగ వాసన. సిగరెట్లు మానేస్తానని అత్తయ్యకు ఎప్పుడో ఒట్టేశాడు. అడిగితే ఇస్త్రీపెట్టె వాసనంటాడు.

మార్చి 12

స్కేలు సార్ టీకి వెళ్ళినప్పుడు మామయ్య స్కాన్ తెరిచాను. మెడ కొలిచాను. తొమ్మిది మిల్లీమీటర్లు. రిపోర్టులో పన్నెండు. క్లాసులో చెప్పింది, కనీసం పదిహేను ఉంటే మంచిదని.

ఎవరో సాగదీశారు.

మార్చి 13

నీలం బ్యాగు ఇవాళ కూడా వచ్చాడు. డాక్టర్ గది తలుపు మూసి ఉంది.

మార్చి 14

కడుపులో దాచుకోలేక స్కేలు సార్‌కు చెప్పేశాను. ముందు చివాట్లు పడ్డాయి. అడక్కుండా ఎవరి స్కానైనా తెరవడం తప్పని, అయినవాళ్ళదైతే మరీ తప్పని. తర్వాత కుర్చీ లాగి కూర్చోబెట్టి, ఎలా కొలిచావో చూపించమన్నారు. నేను స్కాన్‌లో అడ్డంగా కోసినట్టు కనిపించే ముక్కలను పైనుంచి కిందికి నిటారుగా లెక్కపెట్టాను. మామయ్య మెడ ఒక పక్కకు ఒరిగి ఉంది. గోడకు ఆనించిన నిచ్చెన పొడవు ఎంతంటే, నేల నుంచి ఎత్తు కొలిచి చెబుతావా అని అడిగారు. నాళం మధ్యలో గీత గీసి, ఆ గీత వెంట కొలిపించారు. పన్నెండు. ఈ గదిలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ మొదట చేసే తప్పు ఇదేనట.

సిగ్గేసింది. ఆ సిగ్గు వరండా చివరిదాకా కూడా నిలవలేదు. పన్నెండైనా తక్కువే కదా. పైగా వంకర. డాక్టర్ అబద్ధం రాయలేదు, సరే. తెలిసి తెలిసి స్టెంట్ ఎందుకంటున్నట్టు? వెనక్కి వెళ్ళి అడిగాను. అది డాక్టర్‌నే అడగమని సార్ స్క్రీన్ వైపు తిరిగిపోయారు. సగం మాటలో మొహం తిప్పుకునే మనిషి కాదాయన.

మార్చి 16

అన్నం తింటుంటే అత్తయ్య మళ్ళీ అడిగింది, ఆ స్టెంట్ లోపల కదలకుండా ఉంటుందా అని. మామయ్య నవ్వాడు.

"నడుంపట్టీ సన్నగా ఉంటే లాగు జారుతుంది మరి. కాస్త బిగించి కుడతార్లే."

అత్తయ్యా నవ్వింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. మెడ సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పట్టీ సన్నమని ఈయనకెవరు చెప్పారు?

భోజనాలయ్యాక సుద్దముక్కల సొరుగు లాగాను. అడుగున అగ్గిపెట్టె. మా ఇస్త్రీపెట్టె కరెంటుది.

మార్చి 17

డాక్టర్‌ను మెట్ల దగ్గర పట్టుకున్నాను. ముందు నీలం బ్యాగు గురించే అడిగాను. వంకర మెడకు మామూలు సైజులు చాలవు, రకరకాలవి తెప్పించి చూస్తున్నానన్నాడు. స్టెంటే ఎందుకని అడిగితే ఒక్క మాటే అన్నాడు.

"మీ మామయ్యకు అన్నీ చెప్పానమ్మా. ఇంట్లో చెప్పడం చెప్పకపోవడం ఆయన ఇష్టం."

అంటే ఇన్నాళ్ళూ నేను అనుమానించింది వేరేవాళ్ళను.

మార్చి 17, సాయంత్రం

షాపులో ఎవరూ లేకుండా చూసి అగ్గిపెట్టె కత్తెర పక్కన పెట్టాను. మామయ్య మిషన్ ఆపాడు. చాలాసేపు టేపు చుట్టాడు, విప్పాడు.

డాక్టర్ మొదట పొట్ట కోసి కుడదామనే అన్నాడట. ఇలాంటి మెడకు అదే గట్టి పద్ధతట. ఆపరేషన్‌కు ముందు గొట్టంలోకి ఊదించే పరీక్ష పెట్టారు. మామయ్య ఊపిరి సగం కూడా రాలేదు. ఇన్నేళ్ళ సిగరెట్లు ఆ గొట్టంలో బయటపడ్డాయి. కోస్తే మళ్ళీ సొంతంగా ఊపిరి తీసుకోవడం కష్టమని మత్తు డాక్టర్ ఒప్పుకోలేదు. కోయడానికి ఊపిరి చాలదు, స్టెంట్‌కు మెడ చాలదు. ఉన్నవాటిలో స్టెంటే నయమన్నారు. కారినా కారొచ్చని కూడా చెప్పారు.

"మీ అత్తయ్యతో అనకే చిట్టీ. పోతే పోయాడనుకుంటుంది. అబద్ధమాడి పోయాడనుకుంటే ఎట్లా?"

అబద్ధమాడి బతికితే పర్లేదా అన్నాను. ముందు బతకనీ, తిట్లు తర్వాత తింటానన్నాడు. మెడ వంచని మనిషని వీధంతా అంటారు. ఇవాళ తల దించుకునే మాట్లాడాడు. అగ్గిపెట్టె నా బ్యాగులో వేసుకున్నాను. ఇంకెక్కడ పెట్టినా ఆయన వెతుక్కుంటాడు.

అత్తయ్య వంటగదిలోంచి, ఇద్దరూ ఏం గుసగుసలని అడిగింది. జాకెట్టు కొలతలన్నాను.

మార్చి 24

ఇవాళే స్టెంట్ పెట్టారు. నన్ను అద్దం వెనకాల నిలబడనిచ్చారు. స్టెంట్ విచ్చుకుంది. రక్తం స్క్రీన్ మీద తెల్లగా కనబడేలా మందు పంపారు. మెడ దగ్గర, స్టెంట్ అంచు పక్కనుంచి, దారపు పోగంత తెలుపు ఉబ్బులోకి దిగింది.

బెలూన్‌తో లోపలినుంచి అదిమారు. పోగు సన్నబడింది, పోలేదు. అప్పుడు నీలం బ్యాగు మనిషి, నేను మనసులో దొంగను చేసిన మనిషి, ఒక పొట్టి స్టెంట్ ముక్క తీసి అందించాడు. దాన్ని పై అంచుకు ఆనించి విప్పారు. మళ్ళీ మందు. ఈసారి తెలుపు లేదు.

డాక్టర్ బయటికొచ్చి, ప్రస్తుతానికి ఆగిందన్నాడు. నాకు మాటలంటే ఇష్టం. ప్రస్తుతానికి అనే మాట మాత్రం ఇష్టం లేదు.

ఏప్రిల్ 23

నెల స్కాన్. స్కేలు సార్ మామయ్యను అడిగి, సరేనన్నాకే మౌస్ నా చేతికిచ్చారు. మధ్యగీత వెంట పైనుంచి కిందిదాకా వెళ్ళాను. తెలుపు లేదు. మళ్ళీ వెళ్ళాను. లేదు. ఉబ్బు తగ్గలేదు, పెరగనూ లేదు. ఇక బతికినన్నాళ్ళూ ఇలా చూసుకుంటూ ఉండాల్సిందేనట, స్టెంట్ ఎప్పుడైనా జారొచ్చని. అనుమానమే వైద్యమన్నమాట.

అద్దం అవతల మామయ్య ఆసుపత్రి గౌను అంచు తిరగేసి కుట్టు పరీక్షిస్తున్నాడు.

ఏప్రిల్ 24

అత్తయ్యకు నా బ్యాగులో అగ్గిపెట్టె దొరికింది. ఇదెందుకని అడిగింది. ల్యాబులో పనికొస్తుందన్నాను. మామయ్య ఇస్త్రీ ఆపలేదు, తలెత్తలేదు. అత్తయ్య దగ్గరికొచ్చి నా జుట్టు వాసన చూసింది.