తలలో నిలిచే ఇంగ్లీషు గులాబీ

తాడేపల్లిగూడెం

రాఘవమ్మకు, కంటి కట్టు విప్పారు. బాగానే కనపడుతోంది, కంగారు పడకు. ఫోనులో అయితే అమ్మాయి పక్కనే ఉంటుంది, అందుకని కార్డు రాస్తున్నాను.

నిన్న అమ్మాయి నర్సరీకి తీసుకెళ్లింది. మన పెళ్లయిన కొత్తలో ఏలూరు కాలవ బంగళాలో ఓవర్సీరుగారి భార్య నీకొక గులాబీ ఇచ్చింది, గిన్నెలా విచ్చుకుని నిండా రేకులతో. అది పెట్టుకుని ముదినేపల్లి దాకా బస్సులో తల తిప్పకుండా కూర్చున్నావు. అలాంటి ఇంగ్లీషు గులాబీలే అక్కడ వరసగా ఉన్నాయి. ఏది తీసుకోవాలో తోచలేదు.

"కుండీలోకాండీ, నేలలోకాండీ?" అని నర్సరీ ఆవిడ అడిగింది.

"తల్లోకండీ" అన్నాను.

"ఇవి చూసుకోడానికే బాబాయిగారూ. తల్లో పెడితే గుమ్మం దాటకముందే రాలిపోతాయి" అని నవ్వింది. నేను కదలకపోయేసరికి తెలుపు, తేనె రంగు, లేత గులాబి రంగు ఒక్కొక్కటి కోసి, తన జడలోనే పెట్టుకుని మొక్కలన్నిటికీ నీళ్లు పోసి వచ్చింది. లేత గులాబి రంగుది ఒక్కటే నిలిచింది. ఆ మొక్కే తెస్తున్నాను.

నూతి పక్కన గొయ్యి తీయించి పేడ ఎరువు వేయించమని కోడలికి చెప్పు. చేపల చెరువు నీళ్లు మాత్రం పోయొద్దు. గేదె ఈనిందా?

మందులకు ఊడిన నీ జుట్టు మళ్లీ వస్తోందని కోడలు చెప్పింది. ఇంక నాకు పూలెందుకని అనకు. పిన్ను పట్టేంత పెరిగితే చాలు, పెట్టడం నేను పెడతాను.

పిల్లలకు దీవెనలు.

కోదండరామయ్య