వేరే ఇంటి ఎండ

మే 6, సోమవారం

ఇన్వర్టర్ పోయింది. మధ్యాహ్నం రెండు దాటాక టప్‌మని చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన. ముందు గదిలో అమ్మ ఎంబ్రాయిడరీ మిషన్ సూది గుడ్డలో దిగి అక్కడే ఆగిపోయింది.

అమ్మ కుడుతున్నవి స్కూల్ బ్యాడ్జీలు. నేను చదువుకున్న కాన్వెంటుకే. తెరిచిన పుస్తకం, దాని మీద దీపం. దీపానికి మంట ఆఖర్న వస్తుంది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ సూది అదే చోట పడదు, ఆ బ్యాడ్జీ పాడైనట్టే. ఎండాకాలమంతా మాకు పన్నెండు నుంచి నాలుగు దాకా కరెంటు ఉండదు. నాన్న మేడమీద సోలార్ పెట్టించింది అందుకే.

జూన్ పదికల్లా బ్యాడ్జీలన్నీ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే వచ్చే ఏడు ఆర్డర్ వేరేవాళ్ళకి వెళ్తుందని ప్రిన్సిపల్ సిస్టర్ ముందే చెప్పారు. కోపంగా కాదు. ఆవిడ ఏదైనా అలాగే చెప్తారు.

ఇన్వర్టర్ లోపల ఫ్యాన్ తిరగడం లేదని, యాప్‌లో ఓవర్ టెంపరేచర్ వార్నింగ్ వస్తోందని ఏప్రిల్లోనే కంపెనీకి మూడు మెయిల్స్ పెట్టాను. నా అభిప్రాయం వాళ్ళకి ఎంతో విలువైనదని మూడుసార్లూ జవాబు వచ్చింది.

సాయంత్రం మామయ్య వచ్చాడు. అమ్మ తమ్ముడు. పక్క వీధిలో జనరేటర్ల షాపు. "ఏం బావా, మీ సూర్యుడు సెలవు పెట్టాడటగా," అన్నాడు. నాన్న పేపర్లో తల దూర్చారు.

మే 7

వారంటీ ఐదేళ్ళు. ఇంకా రెండేళ్ళుంది. కానీ ఫోన్ చేస్తేనే కంప్లయింట్ తీసుకుంటారట.

నాన్న చేస్తే రెండో నిమిషంలో కోపం వచ్చి పెట్టేస్తారు. అమ్మ మిషన్ వదలదు. మిగిలింది నేను. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి సెలవులు కాబట్టి తప్పించుకునే దారి లేదు. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను. "నమస్కారమండీ" కూడా రాసుకున్నాను.

సీరియల్ నంబర్ అడిగారు. అది గోడవైపు పక్కన అంటించి ఉంది. తల పట్టదు. అమ్మ చేతి అద్దం సందులో పెట్టి, తిరగబడ్డ అంకెలని తిప్పి చదివాను. లైన్లో ఉన్న అమ్మాయి ఓపిగ్గా ఆగింది. ఆగేందుకే జీతం ఇస్తారేమో.

మే 11, శనివారం

టెక్నీషియన్ వచ్చాడు. స్టూలు ఎక్కినా హెల్మెట్ తియ్యలేదు. ఒకసారి నెత్తిమీద ఏదో పడిందట. అమ్మ అతనికి హెల్మెట్ అనే పేరు పెట్టేసింది.

మూత తీసి చూశాడు. బోర్డు నల్లగా మాడిపోయింది. ఇది ఇక లేవదని, వారంటీలో కొత్తది వస్తుందని, పది పనిదినాలు పడుతుందని చెప్పాడు. విప్పి ఆటోలో పెట్టుకున్నాడు. నాన్న గేటు దాకా వెళ్ళి ఆటో మలుపు తిరిగేదాకా నిలబడ్డారు. లోపలికి రాగానే అమ్మ అడిగింది, అప్పగింతలు అయ్యాయా అని.

మే 12

గోడ మీద ఇన్వర్టర్ ఉన్నంత మేర సున్నం కొత్తగా ఉంది.

మే 20

ఫోన్. "ప్రాసెస్‌లో ఉంది మేడమ్."

అమ్మ పొద్దున, సాయంత్రం కుడుతోంది. మధ్యాహ్నం చెమటలు కక్కుతూ దారాలు కత్తిరిస్తుంది. ఇవాళ కరెంటు చెప్పిన టైముకంటే ముందే పోయింది. మంట లేని దీపం ఇంకోటి. అలాంటివి ఒక డబ్బాలో వేస్తోంది. ఎందుకని అడిగితే చెప్పదు.

మే 23, గురువారం

యాప్‌లో ఎండ కనిపించింది.

తీసెయ్యడం మర్చిపోయిన యాప్. పొద్దున ఎనిమిదింబావుకి మెసేజ్: శుభోదయం, మీ ఇంట్లో ఉత్పత్తి మొదలైంది. మా ఇంట్లో గోడ ఖాళీ. మేడమీద వైర్లు దేనికీ తగిలి లేవు.

హెల్మెట్‌కి ఫోన్ చేశాను. కాసేపు నసిగి, బోర్డు మార్చి ఎవరికో ఇచ్చి ఉంటారన్నాడు. ఇన్వర్టర్‌కి యాప్‌కి లెక్కలు పంపే చిన్న సిమ్ స్టిక్ ఉంటుంది. దాన్ని మా పేరు మీంచి తీసెయ్యడం ఆఫీసువాళ్ళు మర్చిపోయారు.

నాన్నకి మొహం ఎర్రబడింది. లేవదన్నది లేచి ఇంకొకరింట్లో కాపురం చేస్తుంటే మేం చీకట్లో కూర్చోవాలా అన్నారు. మధ్యాహ్నం మూడింటికి చీకటి ఎక్కడిదని అమ్మ అడిగింది.

మే 25

ఆ ఇల్లు ఎవరిదో తెలీదు. చూడటం మాత్రం మానలేకపోతున్నాను.

వాళ్ళ ఎండ ఆలస్యంగా వస్తుంది, ఎనిమిదింబావుకి. తూర్పున ఏదో ఎత్తుగా అడ్డం ఉంది. పదకొండింటికి కాసేపు గ్రాఫ్‌లో పన్ను ఊడినట్టు ఒక ఖాళీ. మళ్ళీ మామూలే. కరెంటు వాళ్ళకీ పన్నెండుకే పోతుంది. అంటే ఈ ఊరే.

వాడకం గీత మాత్రం వేరేగా ఉంది. మా ఫ్రిజ్ గీత రంపం పళ్ళలా ఉండేది. వాళ్ళది తాడు లాగి కట్టినట్టు రోజంతా ఒకే ఎత్తులో ఉంటుంది. ఎప్పుడూ ఆగదు.

మే 27

ఓవర్ టెంపరేచర్. మధ్యాహ్నం రెండుకి. మాకు వచ్చినట్టే. బోర్డు మార్చారు గాని ఫ్యాన్ మార్చలేదు.

వార్నింగ్ వాళ్ళకి వెళ్ళదు. యాప్ నా పేరు మీద ఉంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. వేరే కస్టమర్ వివరాలు ఇవ్వకూడదంది ఆ అమ్మాయి. వద్దు, మీరే వాళ్ళకి చెప్పండి అన్నాను. ఆ సీరియల్ నంబర్ రికార్డులో స్క్రాప్ అని ఉందట. స్క్రాప్ అయినదాని మీద కంప్లయింట్ ఎక్కదు. "మేడమ్, ఆ యూనిట్ అసలు లేదు," అంది.

లేనిది వేడెక్కుతోంది.

మే 28

హెల్మెట్‌కి ఆ గీత ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. ఆ ఇల్లు అతనికి తెలుసు. అతనే బిగించాడు. ఒక పెద్దాయన, ఆయన భార్య. ఆయనకి ఆక్సిజన్ మెషిన్. ఇరవై నాలుగ్గంటలూ నడవాలి. వాళ్ళ ఇన్వర్టర్ పోయి, మధ్యాహ్నాలు ఆసుపత్రిలో గడుపుతూ నెలన్నర ఎదురుచూశారు. సిలిండర్ ఒకటుంది, అది గంటన్నర వస్తుంది. మధ్యాహ్నం నాలుగ్గంటలు కరెంటు ఉండదు. ఆఫీసువాళ్ళు ఏది ఇస్తే అది తీసుకెళ్ళి పెట్టేశానన్నాడు.

ఫ్యాన్ సంగతి వాళ్ళకి చెప్పమన్నాను. సాయంత్రం మళ్ళీ చేశాడు. చెప్పాడట. నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దని ఆవిడ తలుపు దగ్గరే ఆపేసిందట.

మే 30

యాప్‌లో సెట్టింగ్స్ ఉన్నాయి. ఛార్జింగ్ లిమిట్ సగం చేస్తే ఇన్వర్టర్ మీద బరువు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది. మాన్యువల్ రెండుసార్లు చదివాను.

ఇంకొకరి ఇంట్లో స్విచ్చి నేను నొక్కడం. అడగకుండా నేనెప్పుడూ ఎవరి పుస్తకం కూడా ముట్టుకోలేదు.

నొక్కాను. రెండుకి వార్నింగ్ రాలేదు. బ్యాటరీ ఆలస్యంగానైనా నిండింది.

కానీ ఎండ ఇంకా ముదురుతోంది.

జూన్ 2, ఆదివారం

మా కొత్త ఇన్వర్టర్ వచ్చిందట. రేపు పొద్దున తెస్తానన్నాడు హెల్మెట్. అమ్మ బ్యాడ్జీలు లెక్కేసుకుంది. రేపటినుంచి మధ్యాహ్నాలు కూడా మిషన్ ఆగకుండా నడిస్తే పదికి అందుతాయి. నెల రోజుల్లో మొదటిసారి మిషన్ దగ్గర కూనిరాగం తీసింది.

ఆ రాగం వింటూ ఒక మాట చెప్పాలనుకున్నాను. దారాలు కత్తిరిస్తూ కూర్చున్నాను.

జూన్ 3

హెల్మెట్ కార్టన్ దింపాడు. టేప్ కొయ్యడానికి కత్తి తీశాడు. ఈసారి నేను కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

"ఇది ఇక్కడ వద్దండీ," అన్నాను. "ఆ పెద్దాయన ఇంట్లో పెట్టండి. అక్కడున్న మాది మాకు తెచ్చెయ్యండి."

అతను కార్టన్ మీద కూర్చుండిపోయాడు. కాగితాల మీద ఇది మీ గోడ మీదే ఉంటుందన్నాడు. పాతది లేనట్టే కాబట్టి మళ్ళీ కాలితే వారంటీ ఉండదు, ఎవరూ రారు. ఆఖరికి తనూ రాలేడు. లేని వస్తువుని గోడకి ఎలా తగిలిస్తారని నాన్న అడిగారు. వాళ్ళకీ ఇంకో కొత్తది తెప్పించొచ్చు కదా అన్నారు. నెలన్నర ఆగితే వాళ్ళకి వచ్చింది మన మాడిపోయినదే కదా నాన్నా అన్నాను.

అమ్మ మిషన్ ఆపలేదు. చేతిలో ఉన్న బ్యాడ్జీకి మంట కూడా పూర్తయ్యాక దారం కత్తిరించి ఇటు తిరిగింది.

"దాంతో నా మిషన్ నడుస్తుందా?"

ఛార్జింగ్ తగ్గించి, ఎదురుగా ఫ్యాన్ పెడితే నడవొచ్చని చెప్పాను. నడవకపోతే అని మొదలుపెట్టి ఆగాను.

"నడవకపోతే బ్యాడ్జీలు ఆగుతాయి. బ్యాడ్జీలే కదా," అంది. "నా టేబుల్ ఫ్యాన్ పట్టుకెళ్ళి పెట్టు."

ఇక ఆ పెద్దాయన భార్యని ఒప్పించాలి. హెల్మెట్ తన మాట వినదని నంబర్ కలిపి ఫోన్ నా చేతికిచ్చాడు. పెద్దావిడ గొంతు. బాగానే నడుస్తోంది, మా మానాన మమ్మల్ని వదిలెయ్యండి అంది. మీరెవరసలు అంది.

"మీ మేడమీద ఎండ ఎనిమిదింబావు దాకా పడదు కదండీ," అన్నాను. "పదకొండింటికి కాసేపు నీడ వస్తుంది."

ఫోన్‌లో వెనక మెషిన్ చప్పుడు, బుస్సుమని, ఆగి, మళ్ళీ బుస్సుమని. గ్రాఫ్‌లో గీతలా చూసినదాన్ని మొదటిసారి విన్నాను.

"ఎదురుగా అపార్ట్‌మెంట్ లేచింది," అంది. "పదకొండింటికి మా వాటర్ ట్యాంక్ నీడ. నీకెలా తెలుసమ్మా?"

అంతా చెప్పాను. స్విచ్చి నొక్కిన సంగతి కూడా. ఆవిడ ఒక్కటే అడిగింది, మార్చడానికి ఎంతసేపు పడుతుందని.

జూన్ 4

పొద్దున కరెంటు ఉండగానే మార్చాలనుకున్నాం. ఆ కాసేపూ ఆక్సిజన్ మెషిన్ నేరుగా కరెంటు మీద నడుస్తుంది. తొమ్మిది దాటాక యాప్‌లో గీత తెగిపోయింది. గుమ్మంలో నిలబడ్డాను. హెల్మెట్ మెసేజ్ పెట్టాడు: "అయింది. ఆయన బాగున్నారు."

పదకొండున్నరకి మాది మా గోడెక్కింది. పాత మచ్చలో సరిగ్గా సరిపోయింది. ఇవాళ్టి గ్రాఫ్‌లో పొద్దున వాళ్ళ ఎండ, మధ్యాహ్నం మా ఎండ.

సాయంత్రం మామయ్య వచ్చాడు. గుమ్మం దాకా వచ్చిన కొత్తదాన్ని పంపేసి మాడిపోయినదాన్ని తెచ్చుకున్నారా, మీ ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్ళే బావా అన్నాడు. ఈసారి నాన్న పేపర్ పక్కన పెట్టి నవ్వారు.

జూన్ 7

రెండుసార్లు వేడెక్కి ఆగిపోయింది. రెండు బ్యాడ్జీలు డబ్బాలోకి. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమాను. అవి అప్పటికే తోమినవి.

జూన్ 8

మామయ్య షాపు నుంచి చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ తెచ్చి తనే బిగించాడు. లేని ఇన్వర్టర్‌కి లేని ఫ్యాన్, బిల్లు కూడా లేదన్నాడు. అమ్మ టేబుల్ ఫ్యాన్ అమ్మ దగ్గరికి వెళ్ళింది.

జూన్ 10, సోమవారం

రెండు క్లాసులవి మిగిలిపోయాయి. అమ్మతో పాటు నేనూ స్కూలుకి వెళ్ళాను. సిస్టర్ కట్టలన్నీ చూసి, తక్కువ ఎందుకయ్యాయని అడిగారు. ఇన్వర్టర్ సరిగ్గా లేదని అమ్మ చెప్పబోయింది. ఉన్నది ఉన్నట్టు నేనే చెప్పాను. సిస్టర్ కళ్ళజోడు పైనుంచి చూశారు. క్లాసులో నా గొంతు వినపడదని ఎన్నిసార్లు లేపి నిలబెట్టారో ఆవిడకి గుర్తుందో లేదో.

మిగతావి ఇరవైకల్లా ఇమ్మన్నారు. వచ్చే ఏడు సంగతి ఎత్తలేదు. ఎత్తలేదంటే వద్దని కాదని అమ్మ దారిపొడుగునా అంటూనే ఉంది.

జూన్ 12
ఉదయం 8.15

యాప్ తెరిచాను. మా ఎండ వచ్చి రెండు గంటలైంది.

వాళ్ళ మేడమీద ఇప్పుడే వచ్చింది.