వెంకటాచలం బూర ఎందుకు ఊదినట్టు?

హోప్ టౌన్,
సోమవారం.

చిరంజీవి లహరి టీచరమ్మకి వెంకటాచలం ఆశీస్సులు.

ఫోన్‌లో అయితే మాటకి మాట పెరుగుతుందని ఉత్తరం రాస్తున్నాను. ఇప్పుడు ఫెర్రీ నడిపే కన్నారావు నా శిష్యుడే, తెచ్చిస్తాడు.

నిన్న నీళ్ళు దాటి డెలానీపూర్‌లో మీ సంగీతం క్లాసుకి మొదటిసారి వచ్చాను కదా. పాట లేదు, రాగం లేదు. ఎవరికి తోచింది వాళ్ళు వాయించేస్తున్నారు. రిటైరైన రోజున ఓడవాళ్ళిచ్చిన ఇత్తడి బూర ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు ఊదమంటారా అని రెండు గంటలు చూశాను. ఎవరూ అనలేదు. ముప్పై ఏళ్ళు ఫెర్రీ నడిపాను, కారణం లేకుండా ఒక్కసారీ హారన్ కొట్టలేదు. ఇప్పుడైనా సరదాకి ఊదుకుందామని నా కోరిక. ఎప్పుడు ఊదాలో రాసి పంపగలరు.

ఇట్లు,
వెంకటాచలం

తా.క.: టీ బాగుంది. అదొక్కటే అందరూ కలిసి చేశారు.

డెలానీపూర్,
బుధవారం.

వెంకటాచలం తాతగారికి లహరి నమస్తే.

నా తెలుగు రాతలో తప్పులుంటే మాఫ్ చెయ్యండి. మా దగ్గర ఎప్పుడు ఊదాలో ఎవరూ చెప్పరు. పక్కవాళ్ళని వినండి. జవాబివ్వాలనిపిస్తే ఇవ్వండి, లేకపోతే లేదు. తప్పు అనేదే లేదు, టెన్షన్ పడకండి.

మీ లహరి

తా.క.: మీరు రెండు గంటలు ఊదకుండా కూర్చోవడం అందరికీ తెగ నచ్చింది. బకెట్ వాయించే ఉమేష్ మిమ్మల్ని ఉస్తాద్ అంటున్నాడు.

హోప్ టౌన్,
సోమవారం.

టీచరమ్మకి,

నిన్న క్లాసులో మీరన్నట్టే విన్నాను, జవాబిచ్చాను. ఉమేష్ బకెట్ మీద రెండు కొట్టాడు. ఓడల లెక్కలో రెండు పొట్టి కూతలంటే ఎడమకి తిరుగుతున్నానని. సరే తిరగమని నేనూ రెండు ఊదాను. తిరగలేదు. వేణువు వాయించే పూజ మూడు ఊదింది. అంటే వెనక్కి వస్తున్నానని. ఆ పిల్ల వెనక గోడ! ఇక ఉండబట్టలేక ఐదు ఊదాను. ఐదంటే ‘మీరేం చేస్తున్నారో నాకు అర్థం కావడం లేదు, ప్రమాదం’ అని. అందరూ చప్పట్లు కొట్టారు.

తిడితే చప్పట్లు కొట్టేవాళ్ళతో నాకు పొసగదమ్మా. వచ్చే ఆదివారం జెట్టీ దగ్గర కచేరీ అన్నారుగా, దానికి నన్ను వదిలేయండి.

వెంకటాచలం

తా.క.: బూర బీరువాలో పెట్టి తాళం వేశాను. మీ సంగీతంలో తాళం పడింది ఇక్కడొక్కచోటే.

డెలానీపూర్,
గురువారం.

తాతగారూ,

అలగకండి. మీరు తిట్టారని మాకెవరికీ తెలీదు, సచ్చీ, నిజంగా. ఆ ఐదు కూతలకి అందరం టక్కున ఆగి, మొదటిసారి ఒకరినొకరం విన్నాం. ఆర్నెల్లుగా నేను నేర్పలేకపోయింది అదే. ఆదివారం సాయంత్రం రండి. లెక్కపెట్టకుండా ఒక్కసారి ఊదండి. అప్పటికీ నచ్చకపోతే ఇంక పిలవను.

మీ లహరి

తా.క.: పూజ ఇప్పుడు గోడకి దూరంగా కూర్చుంటోంది.

హోప్ టౌన్,
సోమవారం.

చిరంజీవి లహరికి,

నిన్న మీరంతా వాయిస్తుంటే చాలాసేపు బూర నా ఒళ్ళోనే ఉంది. కన్నారావు ఫెర్రీ బయల్దేరింది. నీళ్ళ మీద సాయంత్రపు ఎండ. బూర ఎప్పుడు నోట పెట్టుకున్నానో తెలీదు, కళ్ళు మూసుకుని ఊదేశాను. లెక్కపెట్టలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేనమ్మా.

లెక్కపెట్టింది కన్నారావు. ఐదట.

ఫెర్రీ వెనక్కి తిరిగొచ్చి, జనమంతా దిగి మన ముందు కూర్చున్నారు కదా. మీరు మురిసిపోయి వంగి వంగి దండాలు పెట్టారు. వాళ్ళు పాట కోసం రాలేదు, ప్రమాదమనుకుని వచ్చారు. అయినా అయిపోయేదాకా ఒక్కరూ లేవలేదు, అది మాత్రం మీ గొప్పే.

వచ్చే ఆదివారం వస్తాను.

ఇట్లు,
వెంకటాచలం

తా.క.: కన్నారావు పరుగెత్తుకొచ్చి, “గురూజీ, క్యా హువా? ఎందుకు ఊదీసినారు? లాగ్‌బుక్కులో కారణం రాయాలి” అన్నాడు. “ఊరికే” అని రాయమన్నాను.