మూత తీయకుండా చెప్పిన తీర్పు

వడ్రంగం చేసుకుంటూ, బడి మొహం చూడకపోయినా సొంతంగా అక్షరాలు నేర్చి, బైబిలు చేతబట్టి వాక్యం చెప్పుకుంటూ వచ్చిన నేను, అరవై ఎనిమిదో ఏట, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడగానే ఉంది. కాళ్లే నిలవడం లేదు. రెండు ముక్కలు రాసి లేచి గది చుట్టూ తిరిగొస్తున్నాను. సోమవారం గుండెకు ఆపరేషన్. దీని అమలు బాధ్యత సంఘపెద్దది.

1. ఇల్లు నా భార్యకు. ఆమె తదనంతరం కొడుక్కీ కూతురికీ చెరిసగం.

2. పనిశాల, చిత్రికలు, ఉలులు సర్వహక్కులతో కొడుక్కు. ఒరే, పనయ్యాక చిత్రికను పక్కకు పడుకోబెట్టు. లక్షసార్లు చెప్పాను.

3. నా మైకు సంఘానికి. నేను ప్రసంగిస్తుంటే శబ్దం తగ్గించింది ఎవరో నాకు తెలుసు, పెద్దగారూ. క్షమించాను. మర్చిపోలేదు.

4. పనిశాల అటక మీద ఉండే ఆట పెట్టె కూతురికి. ఏడేళ్ల కిందట అమ్మాయి సంఘం పిల్లలతో ఏదో ఆట ఆడుతోందని విని పెట్టె లాక్కున్నాను. ఊపితే గలగలమంది. పాచికలే అనుకున్నాను. సిలువ కింద కూర్చుని ప్రభువు అంగీ కోసం చీట్లు వేసినవాళ్ల సంతతి నా ఇంట్లోనా అని వేదిక మీంచి ఉరిమాను. “నాన్నా, ఒక్కసారి మూత తీసి చూడండి” అంది. “పాపాన్ని మూత తీసి చూడక్కర్లేదు” అన్నాను. పెట్టెకు మేకులు కొట్టి, అమ్మాయిని సంఘంలోంచి వెలివేశాను. ఆ సాయంత్రమే ఇల్లు వదిలింది.

పోయిన నెల పనిశాల సర్దుతూ మేకులు పీకాను. పాచిక ఒక్కటీ లేదు. చెక్క ఇళ్లు, చెక్క గొర్రెలు, పొలాల బొమ్మలున్న అట్టలు. చెక్కతోనే బతికినవాణ్ని, చెక్క చప్పుడు గుర్తుపట్టలేకపోయాను.

పక్కింటి దర్జీ ఇంగ్లీషులో ఉన్న నియమాలు చదివి నాతో ఆడాడు. జర్మనీ పద్ధతి ఆటట. మూత మీద ఆట కల్పించినవాడి పేరు, పుస్తకం మీద రచయిత పేరులా. అదృష్టానికి చోటు తక్కువ, ఆలోచనకు ఎక్కువ. కలప, రాయి కూడబెట్టి కట్టుకుంటూ పోవాలి. ఎదుటివాడు కన్నేసిన చోటు ముందే పట్టుకోవచ్చు గానీ వాడి ఇల్లు కూల్చకూడదు. దర్జీని ఆటలోంచి గెంటే దారి కోసం నియమాలన్నీ మూడుసార్లు వెతికించాను. లేదు. చివరి లెక్క దాకా అందరూ బల్ల దగ్గరే. అప్పటిదాకా ఎవరు గెలిచారో తెలియదు. ప్రభువు చెప్పిన కథలో పొద్దువాలాక వచ్చిన కూలివాడికీ నిండు కూలి ఇచ్చిన యజమాని గురించి నలభై ఏళ్లు గొంతు చించుకున్నాను. ఆ దయ ఈ ఆట పెట్టెలో ఉంది, నాలో లేకపోయింది.

5. నేను పోతే, మరుసటి ఆదివారం నాలుగో అంశాన్ని అదే వేదిక మీంచి, అదే మైకులో, శబ్దం తగ్గించకుండా సంఘపెద్ద చదవాలి. బతికితే నేనే చదువుతాను.

6. నా మేకు దిగి ఒక ఎర్ర ఇల్లు చీలింది. టేకు ముక్కతో ఇంకొకటి చెక్కాను. మొదటిది పెద్దదైంది, రెండోదానికి కప్పు వంకర, మూడోది కుదిరింది. ఆరిందా అని వేలు పెట్టి చూస్తూ రంగు పాడుచేస్తున్నాను. అదీ అమ్మాయిదే.

నిన్న అమ్మాయి ఉండే వీధి దాకా వెళ్లి, తలుపు కొట్టలేక తిరిగొచ్చాను. ఇవాళ మళ్లీ వెళ్తున్నాను. సాక్షులు త్వరగా సంతకాలు పెట్టండి, నాలుగింటికి బస్సుంది. పెట్టె నా చంకలో ఉంటుంది. మూత అమ్మాయే తీయాలి.

మార్చి పద్నాలుగు, గురువారం, మధ్యాహ్నం మూడున్నర.

(సంతకం) వడ్రంగి, వాక్య పరిచారకుడు

సాక్షులు:
పక్కింటి దర్జీ
వీధి చివర మందుల షాపు యజమాని