నాలుగో గడిలో చలివేంద్రం

సెరంగూన్, సింగపూర్, 12-4-2000

బాబాయికి నమస్కారాలు. కళ్లమంటలు తప్ప నేను బాగానే ఉన్నాను. పిన్నిని దిగులు పడొద్దని చెప్పు.

రోజుకు పన్నెండు గంటలు కూర్చుని అమెరికాలో ఓ చిన్న ఊరికి వెబ్‌సైటు తయారుచేస్తున్నాను. ఆరిజోనా ఎండల్లో ఆరువందల మంది ఉండే ఊరు. రాగి తవ్వకాలు ఆగిపోయాక అక్కడ మిగిలినవి పాత గని, చెక్క చర్చి, రైళ్లు ఆగని స్టేషను. 'చూడదగినవి' పేజీలో మాత్రం నాలుగు గడులున్నాయి. "నాలుగోది ఏదో ఒకటి ఫిల్ చేసెయ్ అమూల్యా, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు మా టీమ్ లీడర్ గోపీకృష్ణ. ఆలోచించే ఓపిక లేక నీ కొట్టు ముందరి చలివేంద్రాన్ని అందులో పెట్టేశాను. బాటసారులకు కుండనీళ్లు, గొలుసు కట్టిన గ్లాసు, అంతా ఉచితం.

మొన్న ఆ ఊరి లైబ్రరీ పెద్దావిడ ఈమెయిల్ రాసింది. ఎవరో ఇద్దరు నెట్‌లో ఆ పేజీ చూసి వచ్చి, కారు ఆపి, ఆ నీళ్లెక్కడని అడిగారట. లేవనడానికి నోరు రాక ఇంట్లోంచి కూజా తెచ్చి పోసిందట. అది మా ఊళ్లో నీ కొట్టు ముందరిదని చెప్పి, నా తప్పు ఒప్పుకుంటూ జవాబిచ్చాను. తిట్టలేదు. ఇకనుంచి రోజూ పెడతాను, మీదెలా ఉంటుందో ఫోటో పంపు అంది.

పిన్ని మోకాలినొప్పి తగ్గిందా? ఇటు వచ్చేవాళ్లుంటే గోంగూర పచ్చడి పంపండి, ఇక్కడి హాకర్ సెంటర్ కొట్లలో అమ్మే తిండి సయించడం లేదు. తమ్ముళ్లకు నా ఆశీస్సులు.

నీళ్ల ప్యాకెట్లు వచ్చాక కుండలెవరిక్కావాలి, ఈ ఏడు పెట్టనని రాశావు. ఫోటో కోసమైనా ఒక్కపూట బయటపెట్టు బాబాయ్. పెట్టాక వాటిలో నీళ్లు పోయకుండా నువ్వుండలేవు.

అమూల్య