అన్నయ్య గొంతు లేవని వారం

జూన్ 3, సోమవారం
పొద్దున కంప్యూటర్ వేస్తే నల్ల స్క్రీన్ మీద ఒకే ఒక్క ఇంగ్లీషు లైన్. ఏదో సిస్టం ఫైల్ కనిపించడం లేదట. ఎన్నిసార్లు ఆపి వేసినా అదే.

అన్నయ్య మాట్లాడేది దానితోనే. మెడ కింద ఏదీ కదలదు, నోరు పెగలదు. బుగ్గకు ఆనించిన బటన్ నొక్కుతూ ఒక్కో అక్షరం ఏరుకుంటే కంప్యూటర్ పైకి చదువుతుంది. ఇవాళా నొక్కుతూనే ఉన్నాడు. ఆయా రాగానే ఆఫీసుకు వెళ్ళిపోయాను. వెళ్ళక ఏం చేయను.

జూన్ 4
మెకానిక్ వచ్చాడు. ఫార్మాట్ కొట్టేస్తే సరి మేడం అన్నాడు. మరి మాట్లాడే సాఫ్ట్‌వేర్ అన్నాను. సీడీ ఉందా అన్నాడు. లేదు, ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. అయితే అది పోతుందండీ అన్నాడు, గొడుగు పోయినంత తేలిగ్గా. అన్నయ్య వింటున్నాడు. వద్దన్నాను. గుమ్మం దాటుతూ, నెట్‌లో రెస్క్యూ ఫైల్ దొరుకుతుంది, దాన్ని సీడీ మీద రాసి ఆ సీడీతో లేపి చూడండి, ఇంత పాతది పెన్‌డ్రైవ్‌తో లేవదు అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా.

జూన్ 5
ఆఫీసులో సీడీ రాశాను. ఇంట్లో పెట్టాను. అదే లైన్.

జూన్ 6
ఆ రెస్క్యూ ఫైల్‌ని సీడీ మీదికి ఊరికే కాపీ చేశానట. అలా అయితే కంప్యూటర్ లేవదట, ఇమేజ్‌గా బర్న్ చేయాలట. మళ్ళీ రాశాను. మళ్ళీ అదే లైన్. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. కోపమో, నిద్రో. ఏదో ఒకటి చెప్పు అని అరిచాను. చెప్పలేడని తెలిసే అరిచాను. వంటింట్లోకి వెళ్ళి తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

జూన్ 8, శనివారం, మధ్యాహ్నం
కంప్యూటర్ లేచేటప్పుడు డిస్క్ కంటే ముందు సీడీ చూడమని సెట్టింగ్స్‌లో మార్చాలి. మార్చాను. డ్రైవ్ గర్రుమంది. పోయిన ఫైల్‌ని సీడీలోంచి డిస్క్ మీదికి ఎక్కించి, సీడీ తీసి రీస్టార్ట్ చేశాను. లేచింది.

బటన్ బుగ్గకు ఆనించాను. చాలాసేపు ఏరాడు. థాంక్స్ అంటాడనుకున్నాను. సోమవారం దిండు గలీబు తిరగేసి తొడిగావు, బొత్తాం చెవి కింద ఉంది అన్నాడు. నవ్వొచ్చింది. అన్నయ్య తల ఎత్తి చూస్తే చెవి పుండయి ఉంది.

ఆ తర్వాత మెకానిక్‌ని, ఆయాని, నన్ను వరసగా తిట్టాడు. అన్నీ దాచుకున్నట్టున్నాడు. ఆ గొంతుకు కోపం రాదు. వార్తలు చదివినట్టు తిట్టింది.

జూన్ 9
రాంగ్ నంబర్. ఎవరో ఆవిడ, గ్యాస్ ఏజెన్సీ అనుకుని పొయ్యి వెలగడం లేదంది. పెట్టేయబోతే అన్నయ్య ఆగమన్నాడు. ఫోన్‌ని కంప్యూటర్ స్పీకర్ దగ్గర పట్టుకున్నాను. పొయ్యి ఎప్పటినుంచి వెలగడం లేదండీ అని అడిగాడు. ప్రతి మాటకూ ఆవిడ ఓపిగ్గా ఆగుతోంది. ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. కుడిచేతిలో ఫోన్, ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను.