చివరి నాలుగు నిమిషాలు

జనవరి 10, శనివారం

రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కలిసి వాయించే క్వార్టెట్ పూర్తయింది. కాలేజీలో ఇన్నేళ్ళుగా కంపోజిషన్ చెప్తున్నాను గానీ, నా సొంత పీస్ బెంగళూరులో వాయించడం ఇదే మొదటిసారి.

చివరి నాలుగు నిమిషాలు చెల్లో ఒక్కటే. అన్నీ మంద్రస్వరాలే. అవి నేత్రావతి అక్క కోసం. దొడ్డబళ్ళాపురంలో ముప్పై ఏళ్ళు పవర్‌లూమ్ మీద పనిచేసింది. ఆ కూలితోనే నేను పియానో నేర్చుకున్నాను. ఆ మగ్గాల మోతకే తన చెవులు పోయాయి. పైస్వరాలు ఇక వినపడవనీ, కింది శబ్దాలు మాత్రం కాస్త మిగిలాయనీ డాక్టర్ చెప్పాడు. ఆ మిగిలిన చోటులోనే రాశాను. నా సంగీతం అక్క ఇంతవరకూ ఒక్కసారీ వినలేదు.

జనవరి 24

రిహార్సల్. చెల్లో మొదలయ్యే ముందు ఇరవై సెకన్లు సైలెన్స్ పెట్టాను. చెల్లో వాయించే అభిజిత్ నా పాత స్టూడెంటే. ఐదు సెకన్లు చాలు మేడమ్, జనం అయిపోయిందనుకుంటారు అన్నాడు. అనుకోరు అన్నాను. అంతవరకూ వాయించిన మోత చెవుల్లోంచి దిగొద్దూ? పాఠాలు చెప్పి అరిగిన నోరు ఊరుకుంటుందా, అక్కడికక్కడే లెక్చర్ దంచాను. పాపం, తలూపాడు.

ఫిబ్రవరి 8

అక్క కచేరీకి రానంటోంది. చెవిటిదాని ముందర శంఖం ఊదేకి నన్నేంటికి పిలుస్తాండావు అంది. నవ్వుతూనే అంది. నాకే ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 12

వస్తుందట! అక్క కూతురు రేణుక తీసుకొస్తుంది. మొదట్లో ఏమీ వినపడకపోయినా కళ్ళు మూసుకుని ఓపిగ్గా కూర్చో, చివర్లో వచ్చేది నీదే అని రేణుకతో చెప్పించాను.

ఫిబ్రవరి 15, ఉదయం

నిన్న కచేరీలో, చెల్లోకి ముందు సైలెన్స్ సగంలో ఉండగా వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఒకరిని చూసి ఒకరు. హాలంతా లేచింది, చప్పట్లకి నేల అదిరింది. చీఫ్ గెస్ట్ స్టేజీ ఎక్కేశాడు. బొకేలు పట్టుకుని యాంకర్ పరిగెత్తింది. అభిజిత్ చెల్లో బో పట్టుకుని నావైపే చూస్తున్నాడు. కూర్చోండి, ఇంకా అయిపోలేదు అని ఒక్క మాట అనలేకపోయాను. క్లాసులో అంత నోరున్నదాన్ని! శాలువా కప్పారు, తలకి మైసూరు పేట పెట్టారు. దండం పెట్టి నవ్వాను.

ఎండింగ్ చాలా బోల్డ్‌గా ఉందని డీన్ మెచ్చుకున్నాడు. కిందికి దిగేసరికి అక్క వెళ్ళిపోయింది. ఆఖరి బస్సట.

నామీద నాకే అసహ్యంగా ఉంది.

ఫిబ్రవరి 16

అభిజిత్ ఫోన్ చేశాడు. ఆదివారం చెల్లో తీసుకుని అక్క ఇంటికే వచ్చి ఆ నాలుగు నిమిషాలూ వాయిస్తానన్నాడు. దేవుడిలాంటి పిల్లాడు.

ఫిబ్రవరి 18

జరిగింది చెప్పి, ఆదివారం సంగతీ చెబుదామని దొడ్డబళ్ళాపురం వెళ్ళాను. నన్ను నోరు తెరవనిస్తేగా! వాకిట్లోనే చెయ్యి పట్టుకుంది. శానాసేపు ఏమీ వినపడలే, నువ్వు చెప్పినావని కళ్ళు తెరవకుండా కూర్చున్నా అంది. అందరి మగ్గాలూ ఒకేసారి నడిచినట్ల చివర్లో వచ్చింది సూడు, అది మాత్రం బాగా వినపడిందప్పా, ఎదలో తగిలింది అంది. ఊరంతా చెప్పుకుంటోందట, చెల్లెలు తనకోసమే రాసిందని. అదే కదా, ఛాయా, నాకని రాసింది అని అడిగింది.

ఫిబ్రవరి 19

అవునక్కా అన్నాను. వినపడేలా, గట్టిగా.

అభిజిత్‌ని రావద్దన్నాను.